చక్కెరలో పాతిన రూపాయల చుట్ట

ఆ రోజుల్లో భయం గురించి నాకొక సిద్ధాంతం ఉండేది. మనిషి కొలవని వాటికే భయపడతాడనీ, కొలత చేతికి రాగానే భయం దానంతటదే తగ్గిపోతుందనీ నమ్మేదాన్ని. దీన్ని నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. రసాయనశాస్త్రం పట్టా చేతికొచ్చిన వారంలో నాకు నేనే రూపొందించుకున్నాను. ఇంట్లో నన్ను ‘రుజువులమ్మ’ అనేవారు. మంత్రించిన నిమ్మకాయకూ మామూలు నిమ్మకాయకూ పులుపులో తేడా ఉంటుందేమో చూద్దామని రెండూ కోసినందుకు ఏడో తరగతిలో దక్కిన బిరుదది (తేడా లేదు, దెబ్బలు మాత్రం ఒక్కో కాయకూ విడివిడిగా పడ్డాయి). అటువంటి నేను, ఒక వానాకాలంలో, గుప్పిట్లో ఇమిడే ఒక కాగితపు చుట్టను చూసి వణికిపోయాను. కొలిచినందుకే ఆ వణుకు పుట్టింది.

బోధన్ వైపు ఒక చక్కెర కర్మాగారం ప్రయోగశాలలో నా మొదటి ఉద్యోగం. చెరకు ఆడే నెలల్లో ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. వానాకాలం వచ్చిందంటే యంత్రాలు విప్పి మరమ్మతు చేసే చప్పుడు తప్ప మాకు పని ఉండదు. ఆ ఖాళీ కాలంలో ప్రయోగశాలలో మిగిలేది ఇద్దరమే: నేనూ, సీసాలు కడిగి నమూనాలకు చీటీలు అంటించే అక్కా. అక్క వాళ్ళది మెథడిస్టు కుటుంబం. ఆదివారం చర్చిలో వచ్చిన కానుకల చిల్లరను బ్యాంకుకు పంపడానికి కాగితంలో చుట్టే పని ఏళ్ళ తరబడి ఆమెదే. ఆమెకు నా మీద అభిమానం, నా సిద్ధాంతం మీద అనుమానం. “భయం మంచిదే మేడమ్. గా భయముంటెనే మనిషి సక్కగ నడుస్తడు,” అనేది. నేను నవ్వేదాన్ని.

ఒక సోమవారం మధ్యాహ్నం మా పెద్దబాపు, అంటే నాన్నకు అన్న, ఏర్గట్ల నుంచి బస్సులు మారి మారి ప్రయోగశాలకు వచ్చాడు. ఆయన పసుపు రైతు. పాత నాణేలంటే ప్రాణం. లోపలికి రాగానే, “బిడ్డా, తలుపు పెట్టు,” అన్నాడు. నేను తలుపు వేశాక తువ్వాలు మడతల్లోంచి ఒక చుట్ట తీసి, పసిపిల్లను పడుకోబెట్టినంత జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు. గోధుమరంగు కాగితం, రెండు చివరలా లోపలికి మడిచిన అంచులు, ఆ అంచుల నడుమ గుండ్రటి ఖాళీలో ఇటొక రూపాయి బిళ్ళ, అటొక రూపాయి బిళ్ళ.

“గిది బ్యాంకు రోల్ బిడ్డా. యాభై బిళ్ళలు. ముప్పై ఏండ్ల సంది ఎవ్వలు ఇప్పలేదట. సాలు అంకె కింద టంకశాల సుక్క గుర్తు కనవడ్తందా? ఆ సాలుల గీ గుర్తు బిళ్ళలు మస్తు తక్కువట. లోపట అన్నీ గసుంటియే ఉన్నయట.”

“అట అని ఎవరన్నారు పెద్దబాపూ?”

“అమ్మినోడు.”

“లోపల ఉన్నవి అవేనని అతనికి ఎలా తెలుసు?”

“ఇప్పలేదు గదా, గందుకే తెలుసు.”

ఈ జవాబును నేను ఇప్పటికీ అప్పుడప్పుడు ఆలోచిస్తూ ఉంటాను. నాణేలమ్మే వాళ్ళ మాటలన్నింటికీ అదే పునాది: తెరవలేదు కనుక అసలైనది, తెరిస్తే విలువ పోతుంది, కాబట్టి అసలైనదో కాదో చూడకూడదు. అంతకంటే పెద్ద చిక్కు పెద్దబాపు తర్వాత చెప్పాడు. బోరు మోటారు కాలిపోయింది. దాన్ని బాగుచేయించడానికి దాచిన డబ్బు పెట్టి ఈ చుట్ట కొన్నాడు. ముసురే తప్ప వాన లేదు. పసుపు మొలకలకు బోరు నీళ్ళే దిక్కు.

“పెద్దమ్మకు తెలుసా?”

“తెలిస్తే నేను కాళ్ళు సక్కగుండి ఈడిదాక వస్తనా?” అన్నాడాయన. “ఎనిమిది దినాలల్ల నచ్చకుంటే వాపస్ తీసుకుంటనన్నడు. గని కాయితం మీద గీత సుత పడొద్దట. నువ్వు సైన్స్ సదివినవ్. ఇప్పకుంట లోపట ఏమున్నదో చెప్పు.”

నిజం చెప్పాలంటే ఆ క్షణాన నాకు భయం వేయలేదు, గర్వం కలిగింది. మా ఇంట్లో నన్నెవరైనా రుజువు అడగడం అదే మొదటిసారి. ఆయన వెళ్ళగానే అయస్కాంతం పెట్టాను, చుట్ట పలకలేదు. అంటే లోపల ఉక్కు లేదు. తర్వాత తూచాను. యాభై నాణేలకు రావలసిన దానికన్నా బరువు కాస్త తక్కువ వచ్చింది. ఆ తేడాను తక్కెడ తప్పుగా పుస్తకంలో రాసుకున్నాను (ఇతరుల మాటలన్నిటినీ అనుమానించేవాళ్ళు తమకు నచ్చిన అంకెను ఎంత మర్యాదగా చూసుకుంటారో గమనించండి). ఇక మిగిలింది సాంద్రత. దానికి ఘనపరిమాణం కావాలి. నీళ్ళలో ముంచితే కాగితం పాడవుతుంది. అప్పుడు నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది: నీళ్ళకు బదులు పొడి చక్కెర! మా దగ్గర దానికి కరువా? గాజు జాడీలో చుట్టను నిలబెట్టి, కొలిచిన సన్న చక్కెరను చుట్టూ పోసి, గింజలు బాగా సర్దుకోవాలని రెండు రోజులు అలా వదిలేశాను. రెండు రోజులని ఎవరు చెప్పారని అడగకండి. మూత మాత్రం ఉత్తినే పైన ఆనించాను.

“మేడమ్, ముసురు పట్టింది,” అంది అక్క జాడీ వైపు చూస్తూ. “చక్కెర ఊకుంటదా?”

“పొడి చక్కెర అక్కా, ఏం కాదు,” అన్నాను.

శుక్రవారం మధ్యాహ్నం జాడీ దగ్గరికి వెళ్ళేసరికి చక్కెర నల్లగా కదులుతోంది. మొదట నా కళ్ళనే అనుమానించాను. తర్వాత చూస్తే చీమలు. కిటికీ నుంచి బల్ల దాకా, బల్ల నుంచి జాడీ దాకా క్రమశిక్షణ గల ఒక వరుస. చెమ్మకు చక్కెర పాకమై చుట్టకు అంటుకుపోయింది. కాగితాన్ని అంటించిన మైదా జిగురు చీమలకు విందైంది. చుట్టను బయటికి లాగబోతే కాగితం అతుకు పొడవునా విచ్చుకుని, ఇత్తడి గంటలు దొర్లినట్టు మోగుతూ రూపాయలు బల్ల మీద పరుచుకున్నాయి. ఆ చప్పుడు అప్పుడప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో మోగుతుంది.

చుక్క గుర్తు ఉన్నవి రెండే: ఆ చివరిదొకటి, ఈ చివరిదొకటి. నడుమనున్న నలభై ఎనిమిదీ ఏవేవో సంవత్సరాలవి, అరిగి నునుపు తేలినవి. ఒకదాని మీద ఎవరో ఎప్పుడో పెట్టిన కుంకుమ ఇంకా ఉంది. బరువు ఎందుకు తక్కువ వచ్చిందో అప్పుడు అర్థమైంది. అంతకుమించి ఇంకొకటి కూడా అర్థమైంది. నా పరీక్షలన్నీ లోహం ఏదో చెప్పేవి. పెద్దబాపు అడిగింది లోపలి బిళ్ళ మీద ఏ గుర్తుందని. అది కాగితం విప్పితే తప్ప ఏ తక్కెడా చెప్పదు. ఇప్పుడు కాగితం విప్పుకుంది, అదీ సాక్షి లేకుండా, నా చేతుల్లో. అమ్మినవాడు ‘మీరే మార్చారు’ అంటే కాదనడానికి రుజువు లేదు. మోటారు కాలింది, డబ్బు పోయింది, పెద్దమ్మకు తెలుస్తుంది. అన్నిటికీ కారణం చక్కెర పూసుకున్న రుజువులమ్మ.

మర్నాడు అక్క కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆమె చిరిగిన కాగితాన్ని, బిళ్ళలను తిరగేసి చూసింది.

“సుట్టుడు నాకొక లెక్క గాదు మేడమ్. గని ఒక్క మాట. నన్నెవలన్న అడిగితే నేను అబద్ధం ఆడ. అడగకుంటే చెప్ప.”

“నిన్నెవరు అడుగుతారక్కా?”

“పైనున్నాయన అడుగుతడు. రేపు ఆదివారమే.”

అయినా చుట్టింది. నమూనాల కవర్ల గోధుమరంగు కాగితం కొత్తగా కనబడుతుంటే, చక్కెర తీయగా మిగిలే మొలాసిస్‌ను నీళ్ళలో కలిపి నేనే పూత వేశాను. ఓవెన్‌లో ఆరబెట్టాను. కాగితం ముప్పై ఏళ్ళు ముసలిదై బయటికొచ్చింది. అక్క కడిగి తుడిచిన బిళ్ళలను పేర్చి, చుక్క గుర్తులు రెండూ చివరలకు పెట్టి, బొటనవేలితో అంచులను ఒక్కొక్క మడతగా లోపలికి నొక్కింది. కొత్తగా చూసేవాళ్ళు దాన్ని పాత చుట్టేననుకుంటారు. నేను ఒక నకిలీని ఇంత శ్రద్ధగా తయారు చేయగలనని అంతకుముందు నాకు తెలియదు.

సోమవారం నిజామాబాద్‌లో పెద్దబాపును కలిసి, “ఇది వద్దు, వాపసు ఇచ్చేద్దాం,” అని మాత్రమే చెప్పాను. ఆయన నా ముఖం చూసి, సరేనని ముందు నడిచాడు. అమ్మినాయన దుకాణం పాత బజారులో ఒక ఇరుకు గది; ఎప్పుడూ కంటికి భూతద్దం పెట్టుకునే ఉంటాడని ఆయన్ని అందరూ భూతద్దం సేటు అనేవారు. లోపల నవీపేట నుంచి వచ్చిన ఒక రిటైర్డు పంతులు గారు, మనవరాలికి బహుమతిగా ఏదైనా పాత నాణెం కొందామని కూర్చుని ఉన్నారు. “మా పిల్ల ల్యాబుల పెట్టి సూసింది, వద్దంటంది,” అని పెద్దబాపు చెబితే, సేటు మా చుట్టను దీపం కింద పెట్టి తిప్పి తిప్పి చూశాడు. అతుకు ఆయన వేలి కిందికి ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెడుతూ కూర్చున్నాను.

“కాయితం సలామత్‌గ ఉన్నది,” అన్నాడు చివరికి. డబ్బు లెక్కపెట్టి పెద్దబాపు చేతిలో పెట్టాడు. నా భుజాల మీది బరువు ఒక్కసారిగా దిగింది. లేచి వచ్చేయవలసింది. కానీ సేటు చుట్టను పంతులు గారి ముందుకు జరిపాడు.

“పంతులూ, నీ నసీబ్ మంచిగున్నది. గీ మడతలు సూడు. బ్యాంకు చెయ్యి గిది, బయట ఎవ్వనికి రాదు. వాసన సూడు, ముప్పై ఏండ్ల సంది పెట్టెల ఉన్న వాసన. ఎవ్వడు ముట్టలే. సైన్స్ సదివిన గీ మేడమ్ ఎనిమిది దినాలు ల్యాబుల పెట్టి సూసింది, ఒక్క తప్పు దొరకలే.”

పంతులు గారు నా వైపు తిరిగి చేతులు జోడించారు. “ల్యాబుల సూసిన్రంటే ఇంకేం గావాలె తల్లీ,” అంటూ జేబులో చేయి పెట్టారు.

సరిగ్గా అప్పుడే చుట్ట మడతలోంచి ఒక ఎర్ర చీమ బయటికి వచ్చింది. (నా సంచిలోదో, మొలాసిస్ కోసం వచ్చిందో నాకు తెలియదు, దీనికి రుజువు లేదు.) అది తాపీగా దీపం వెలుగులోకి నడిచి, మీసాలు ఊపుతూ ఆగింది. సేటు వేలితో దాన్ని తోసేశాడు. నాకు మాత్రం అది నా వైపే చూసినట్టనిపించింది. మాట్లాడితే పెద్దబాపు చేతిలోని డబ్బు పోతుంది. మాట్లాడకపోతే నా పేరు మీద ఒక ముసలాయన మోసపోతాడు.

“ఆ కాగితం నేను అంటించింది,” అన్నాను. “మొన్న శనివారం, మైదాతో. ఆ వాసన మొలాసిస్‌ది. లోపల చుక్క గుర్తువి రెండే ఉన్నాయి.”

సేటు కుర్చీలోంచి లేచాడు. “చింపిండ్రా! లోపట మార్చిండ్రా! పైసలు వాపస్ తియ్యి, లేకుంటే పోలీసులను పిలుస్త!” పక్క దుకాణాల వాళ్ళు తొంగిచూశారు. పెద్దబాపు మాత్రం డబ్బును మెల్లగా లోపలి జేబులో పెట్టుకుని గుండీ వేశాడు.

“సేటూ, జర ఆగు. పసుపు యార్డుకు నేను బస్తాలు తెస్తనే ఉంట. ఆడ బస్తా మూతి సూసి ఎవ్వడు కొనడు. ఇనుప గొట్టం పొడిచి అడుగుల నుంచి తీస్తరు. ఎందుకు? మూతికి మంచి కొమ్ములు పెట్టుడు మాకు ఎరుకే. నీ కాడ మూతి సూసి కొన్న, తప్పు నాదే. గని ఒక్కటి చెప్పు. గిప్పుడే భూతద్దం పెట్టి ఎవ్వలు ముట్టలేదన్నవు. మా పిల్ల మొన్న సుట్టింది నీకు తెల్వలే. మరి నువ్వు కొన్ననాడు గిది ఎవలు సుట్టిండ్రో నీకెట్ల తెలుసు?”

సేటు కంటి నుంచి భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. పంతులు గారు జేబులోంచి ఖాళీ చేయి బయటికి తీసి, గొడుగు అందుకుని, మాకంటే ముందే మెట్లు దిగారు. “పోండ్రి, మల్ల నా మెట్లు ఎక్కొద్దు,” అన్నాడు సేటు. ఆ మాట నాకు దీవెనలా వినబడింది.

నేనూ ఏర్గట్ల దాకా వెంట వెళ్ళాను. జక్రాన్‌పల్లి దాటాక ఆయన బస్సు కిటికీలోంచి చూస్తూనే అడిగాడు.

“ఎవలు సుట్టిండ్రు బిడ్డా?”

“మా ల్యాబులో అక్క.”

“మంచిగ సుట్టింది,” అన్నాడు. కాసేపటికి ఆయన భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నాడేమోనని హడలిపోయాను. నవ్వుతున్నాడు. “మూతికి మంచి కొమ్ములు పెట్టి నేను సుత ఒకపారి దొరికిన,” అన్నాడు చెవిలో. “మీ పెద్దమ్మకు చెప్పకు.”

ఆ వారమే మోటారు బాగైంది. కొన్నేళ్ళకు నేను ఆ ఉద్యోగం వదిలి వస్తుంటే పెద్దబాపు ఒక కాగితపు చుట్ట చేతిలో పెట్టాడు. మడతలు చూడగానే అక్క బొటనవేలు గుర్తుపట్టాను; నాకు తెలియకుండా ఆమెతోనే చుట్టించాడు. “లోపట ఏమున్నదో నేను చెప్ప. నమ్ముతే నమ్ము,” అన్నాడు. ఆ చుట్ట ఇప్పుడు నా బల్ల మీద ఉంది. ఇప్పటికీ ఆయన ఫోన్లో అడుగుతుంటాడు, “ఇప్పి సూసినవా?” అని. లేదంటాను. లోకంలో ప్రతి మాటకూ రుజువు అడిగే నేను దాన్ని విప్పలేదు, తూచలేదు, అయస్కాంతం కూడా చూపలేదు. బల్ల మీద ఎప్పుడైనా ఒక చీమ కనబడితే మాత్రం చేస్తున్న పని వదిలి, ముందు చుట్టను ఎత్తి పై అరలో పెడతాను.