మూడు కాపీల సారంగపాణి

సారంగపాణి గారికి కోపం వస్తే నోరు తెరవరు, కాగితం తీస్తారు. ఆయనకున్న జబ్బు అదొక్కటే. కాజీపేట శాఖా గ్రంథాలయంలో పంతొమ్మిదేళ్లుగా లైబ్రేరియను. గోడ మీద ‘నిశ్శబ్దం’ అని స్వయంగా రాసుకున్న బోర్డుకు ఆయనే కట్టుబడి, ఒక్కనాడూ గొంతు పెంచి ఎరుగరు. మరి కోపం ఎక్కడికి పోవాలి? వేళ్లలోకి దిగేది. మూడు తెల్లకాగితాల మధ్య రెండు కార్బన్లు సర్ది, బాల్‌పెన్ను అదిమిపట్టి, "అయ్యా, వ్రాయునది ఏమనగా" అని మొదలుపెట్టారంటే ఎవరికో మూడిందన్నమాటే.

పై కాపీ జిల్లా ఆఫీసుకు పోయేది. రెండోది ఫైలుకు. మూడోది మాత్రం ఎవరి మీద ఫిర్యాదు రాశారో వాళ్ల చేతికే ఇచ్చేవారు. "వెనుక మాట్లాడే అలవాటు నాకు లేదు" అనేవారు. ఆ మూడో కాపీ మీద అక్షరాలు ఎంత మసకగా ఉండేవంటే, తిట్లు తినవలసిన మనిషి కిటికీ దగ్గరికి పోయి వెలుతురులో పట్టుకుని మరీ తినాల్సి వచ్చేది.

గూడ్సు గార్డు వెంకట్రాజం ఒకసారి లైబ్రరీ పుస్తకం బల్లార్షా దాకా తీసుకుపోయి, అక్కడ గార్డులు పడుకునే రన్నింగ్ రూములో మరిచిపోయి వచ్చాడు. అంతే, కాగితం లేచింది. "ప్రభుత్వ గ్రంథము టిక్కెట్టు లేకుండ రాష్ట్రము దాటినది" అని రాశారు సారు. వెంకట్రాజం తన కాపీ చదువుకుని, ఆ రాత్రికి రాత్రే డ్యూటీ మార్పించుకుని పోయి పుస్తకం పట్టుకొచ్చాడు. ఇంకోసారి వరండాలో పేపర్లు నమిలిన మేక మీద రాశారు. దాని యజమాని ఎవరో తేలలేదు. కాపీ ఇవ్వకుండా ఉండలేరు కదా, మేక ముందే పెట్టారు. అది నమిలి మింగింది. ‘మూడవ కాపీని ముద్దాయి స్వయముగా స్వీకరించినది’ అని ఫైలులో నమోదు చేసుకున్నారు.

ఇన్ని రాసిన మనిషి ఒక్క సీలింగు ఫ్యానుతో మాత్రం గెలవలేకపోయారు. అది డెబ్భై నాలుగులో ఆగింది. నలభై ఒక్క ఫిర్యాదులు పోయాయి. పై నుంచి ఉలుకూ లేదు పలుకూ లేదు. ఎండాకాలం వస్తే సారు మెడకు తువ్వాలు చుట్టుకుని, ముక్కు మీది నుంచి చెమట చుక్క జారుతుంటే, రిజిస్టరు రాసేవారు.

డెబ్భై ఎనిమిదిలో ఆ లైబ్రరీకి టెంపరరీ అసిస్టెంటుగా భారతి వచ్చింది. ఇంటరు పాసయింది. స్టేషను రోడ్డులో కూరగాయలు అమ్మే చిలుకమ్మ కూతురు. చేరిన మూడో రోజే మొదటి ఫిర్యాదు అందుకుంది. అలమారాలోంచి పుస్తకాన్ని వెన్ను పైభాగం పట్టి లాగిందట! "గ్రంథమును నడుమ పట్టి తీయవలెనని ఈమెకు తెలియదు" అని రాశారు. తర్వాత కార్డు తలకిందులుగా పెట్టినందుకు ఒకటి, గమ్ము ఎక్కువ పూసినందుకు ఒకటి, గమ్ము తక్కువ పూసినందుకు ఇంకొకటి. మూడేళ్లలో ఇంట్లో దొంతర పేరుకుంది. చిలుకమ్మ వాటిల్లో పచ్చిమిరపకాయలు పొట్లాలు కట్టి అమ్మింది.

ఆ ఫిర్యాదుల్ని భారతి నవ్వుకుని వదిలేసేది. ఎనభై ఒకటి వానాకాలంలో వచ్చిన ఆర్డరును మాత్రం వదిలేయడానికి వీల్లేకపోయింది. టెంపరరీ వాళ్లంతా వచ్చే జూనులోపు గ్రంథాలయ సర్టిఫికెట్ కోర్సు పాసు కావాలి. పాసైతే లైబ్రేరియను పోస్టు, పర్మనెంటు. కాకపోతే ఇంటికి. కోర్సేమో హైదరాబాదులో, ఐదు నెలలు. జీతంతో పంపేది జిల్లా మొత్తానికి ఒక్కరినే. భారతి దరఖాస్తు పెట్టింది. జవాబు లేదు. మళ్లీ పెట్టింది. మళ్లీ లేదు. ఒక్క మనిషి బతుకు తేలాల్సిన కాగితం మీద టీ గ్లాసు పెట్టుకుని కూర్చునే ఆఫీసులను ఏమనాలి? తిట్లు నోటి దాకా వస్తున్నాయి గానీ, ఇది అచ్చయ్యే రాత కాబట్టి ఊరుకోవాల్సి వస్తోంది.

"సార్, నా గురించి పైకి జర ఒక్క ముక్క రాయుండ్రి" అని అడిగింది చివరికి.

"రాస్తనే ఉన్న గదమ్మా" అన్నారాయన తలెత్తకుండా.

"రాస్తున్రు! గమ్మెట్ల పూసిన్నో రాస్తున్రు. ఒక్కనాడన్న మంచిగ రాసిండ్రా సార్?"

"పో, ఆ రెండో బీరువ దులుపు" అన్నారు సారంగపాణి గారు.

డిసెంబరులో ఒకరోజు పొద్దున ఆమె బల్ల మీద మూడో కాపీ కనిపించింది. మళ్లీ గమ్ము గొడవేమో అనుకుంటూ కిటికీ దగ్గరికి తీసుకుపోయింది.

"అయ్యా, వ్రాయునది ఏమనగా, ఈ శాఖ యందు పనిచేయు కుమారి భారతికి వర్గీకరణ తెలియదు, సూచీ తయారు చేయుట తెలియదు. ప్రభుత్వ గ్రంథములు ఈమె చేతిలో క్షేమముగా లేవు. ఈమెను ఇక ఒక్క నెల కూడ భరించజాలను. కావున సర్క్యులర్ నంబరు 114 ప్రకారము తక్షణమే చర్య తీసుకొనవలెను."

భారతికి కళ్లు మండాయి. మూడేళ్లు! అట్టలు ఊడిన పుస్తకాలు ఎన్ని కుట్టింది, చెదలు పట్టిన బీరువాలు ఎన్ని కడిగింది! సారు దవాఖానలో పడి ఉన్న నెలరోజులూ లైబ్రరీ నడిపిందెవరు? ఆ మనిషే ఇప్పుడు పని రాదని రాస్తాడా?

"ఏంది సార్ ఇది!" అని అరిచింది. పంతొమ్మిదేళ్లలో ఆ గదిలో లేచిన మొదటి కేక అది. పేపర్లు చదువుతున్నవాళ్లు తలలెత్తారు. "నాకు పని రాదా? నూటపద్నాలుగంటే ఏంది, తీసేసుడే గదా? నా నోట్ల మన్ను కొట్టనీకె మీకు చేతులెట్లొచ్చినయ్ సార్?"

సారంగపాణి గారు బాల్‌పెన్నుతో గోడ మీది బోర్డు చూపించారు. అదే కాస్త చేతికందే ఎత్తులో ఉంటే భారతి ఆ బోర్డు పీకి ఆయన నెత్తిన వేసేదే.

మర్నాడు చిలుకమ్మ గంప వాకిట్లో దించి, కొంగు నడుముకు చెక్కి లోపలికి వచ్చింది. "ఏమయ్యా సారూ! నా బిడ్డకు చదువు రాదన్నవంట! రాత్రి తిండి తినలేదు పోరి. నువ్వు పంతులువా, పగోనివా? మూడేండ్ల సంది నీ కాయితాలల్ల మిర్పకాయలు కట్టి అమ్మిన, అయి ఘాటెక్కినయంటే ఎక్కయా మరి!"

సరిగ్గా అప్పుడే ఫిర్యాదు విచారించడానికి జిల్లా ఆఫీసు నుంచి ఒక అధికారి దిగాడు. గుమ్మంలోనే నిలబడి చిలుకమ్మను చూశాడు. లోపల బీరువా తలుపు ధడాలున వేస్తున్న భారతినీ చూశాడు. ఒక పుస్తకం చేతికిచ్చి, "దీనికి వర్గ సంఖ్య వేస్తావా అమ్మా?" అని అడిగాడు.

"నాకు పని రాదని రాసిండ్రు గద. రాసినోళ్లనే వేయమనుండ్రి" అంది భారతి.

అధికారి ఇంకేమీ అడగలేదు. ఏదో రాసుకుని వచ్చిన జీపులోనే వెళ్లిపోయాడు. సారంగపాణి గారు ఈలోపు చిలుకమ్మ మీద కూడా కాగితం ముగించి, మూడో కాపీ ఆమె చేతికిచ్చారు. ఆమెకు చదువు రాదు. కూతురికిచ్చి, "ఏమున్నది బిడ్డా?" అంది.

"నువ్వు పన్నెండు నిమిషాలు అరిచినవంట. నడుమల రెండుసార్లు దమ్ము తీసుకున్నవంట."

"పన్నెండేనా? గడియారం చెడిపోయిందేమో జూడుమను" అని చిలుకమ్మ గంప ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఎనిమిదో రోజు ఆర్డరొచ్చింది. తీసేశారనే అనుకుని భారతి కవరు చింపింది. పని రాని కారణం చేత జనవరి ఒకటి నుంచి ఐదు నెలలు హైదరాబాదులో శిక్షణకు పోవలసిందనీ, జీతం యథావిధిగా అందుతుందనీ ఉంది. సంతోషం వచ్చింది గానీ, దానికి రెండింతలు కోపం వచ్చింది. ‘పని రాని కారణం చేత’! పీడ వదిలించుకోవాలని చూస్తే ఈయన ఖర్మ కొద్దీ నాకు మేలు జరిగిందనుకుంది. పోయేనాడు సారుకు చెప్పను కూడా చెప్పలేదు.

హైదరాబాదులో ఆ మూడో కాపీని రేకుపెట్టె మూత లోపల అంటించుకుంది. గమ్ము ఎక్కువే పూసింది. పొద్దున పెట్టె తెరిస్తే అదే, రాత్రి మూస్తే అదే. నిద్ర ముంచుకొచ్చినప్పుడల్లా ‘సూచీ తయారు చేయుట తెలియదు’ అన్న మాట చదివి, లేచి మొహం కడుక్కుని, ఇంకో యాభై సూచీ కార్డులు రాసేది. పరీక్షలో ఫస్టు క్లాసు వచ్చింది. ఆ సర్టిఫికెట్టును సారు బల్ల మీద ఎలా విసరాలో బస్సులో వస్తున్నంతసేపూ ఆలోచించుకుంది. రఘునాథపల్లి దాటేసరికి అనవలసిన నాలుగు మాటలూ వరుసగా కుదిరాయి.

ముందు జిల్లా ఆఫీసులో సర్టిఫికెట్టు చూపించాలి. సెక్షను గుమస్తా కిషన్ రావు అది తీసుకుని, ఆమె సర్వీసు ఫైలు విప్పాడు. ఒక్క టెంపరరీ అసిస్టెంటు ఫైలు అంత లావుండటం చూసి భారతికి ఒళ్లు మండింది.

"గిన్ని తిట్లు రాసిండా నా మీద?"

"డిసెంబరుది ఒక్కటి తప్ప తిట్లెక్కడియమ్మా, ఏవీ ఈడికి రాలే. నువ్వే చూడు" అని ఫైలు ఆమె వైపు తిప్పాడు కిషన్ రావు.

"అయ్యా, వ్రాయునది ఏమనగా, కుమారి భారతి వంటి పనిమంతురాలిని నా సర్వీసులో చూడలేదు." "ఈమె చేతి కుట్టు పడిన గ్రంథము పదేండ్లు చెక్కుచెదరదు." "నేను దవాఖానలో నుండగా ఈమె శాఖను నాకంటె బాగుగా నడిపినది. ఈమెను శిక్షణకు పంపనిచో నష్టము మనకే." మొత్తం పదకొండు ఉత్తరాలు. ప్రతిదాని మూలన ‘చూచితిని. ఫైలులో ఉంచుడు’ అని సంతకం ఉంది. అన్నిటికీ పైన ఆఖరిది, డిసెంబరు ఫిర్యాదు. దాని మీద ఎర్ర పెన్సిలుతో ‘అతి జరూరు’ అని రాసి ఉంది.

"మెచ్చుకుంట రాస్తే మా సార్లు ఫైల్ల పెడ్తరు, తిట్టుకుంట రాస్తే టేబులు మీద పెడ్తరు" అన్నాడు కిషన్ రావు. "గా నూటపద్నాలుగు సర్క్యులరు ఏందనుకున్నవ్? పని రానోళ్లను జీతమిచ్చి ట్రైనింగుకు పంపాల్నని. పని వచ్చినోళ్లను పంపాల్నని ఏ సర్క్యులరు లేదు. మీ సారు వచ్చి పాత సర్క్యులర్లన్ని దులిపి దులిపి దీన్ని పట్టుకపోయిండు."

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తే విచారణకొచ్చినాయన ముంగట నువ్వు గంత కోపం చేస్తుంటివా? మీ అమ్మ గట్ల లేస్తుండెనా? ఆయన వచ్చి ‘అమ్మో, జల్దిన పంపుండ్రి’ అన్నడు."

భారతి ఆ పదకొండు ఉత్తరాలూ మళ్లీ తిరగేసింది. ఫైలు మూస్తూ, "ఫ్యాను కోసం కూడ తిట్టుకుంటనే రాసిండు గద, నలభై ఒక్కసారి. గదెందుకు రాలే?" అంది.

"ఫ్యాను మీద రాస్తే పైసలు గావాలె. మనిషి మీద రాస్తే సంతకం చాలు" అన్నాడు కిషన్ రావు.

ధర్మసాగర్ శాఖకు లైబ్రేరియనుగా పోస్టింగు ఆర్డరు తీసుకుని, భారతి తిన్నగా కాజీపేట వచ్చింది. సారంగపాణి గారు మెడకు తువ్వాలు చుట్టుకుని రిజిస్టరు రాస్తున్నారు. బస్సులో కుదుర్చుకున్న నాలుగు మాటల్లో ఒక్కటీ ఇప్పుడు పనికిరాదు. 

"ఇన్నొద్దులు మిమ్ముల ఎన్ని తిట్టుకున్ననో ఎరుకనా సార్? ఒక్క మాట చెప్తే ఏమైతుండె? మెచ్చుకున్న కాయితాల మూడో కాపీలేవి?"

"తిట్టినయే కాపీలిస్తమమ్మా. మెచ్చుకున్నయి ఇస్తే పని చెడుతది" అని సారంగపాణి గారు బోర్డు వైపు చూపించారు, గొంతు తగ్గించమన్నట్లు.

భారతి తగ్గించింది. ఎదురు కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆయన సొరుగే తీసి, మూడు కాగితాలు, రెండు కార్బన్లు సర్ది, ఆయన పెన్నుతోనే అదిమిపట్టి రాసింది. మూడో కాపీ ఆయన చేతిలో పెట్టింది. సారు కిటికీ దగ్గరికి పోయి, కళ్లజోడు సర్దుకుని చదివారు.

"అయ్యా, వ్రాయునది ఏమనగా, కాజీపేట శాఖ లైబ్రేరియను శ్రీ సారంగపాణి గారు ఎనిమిదేండ్లుగా ప్రభుత్వ రిజిస్టర్ల మీద చెమట కార్చుచున్నారు. అక్షరములు అలుక్కుపోయి ఏ గ్రంథము ఎవరి వద్ద నున్నదో తెలియుట లేదు. ఈయన చెమటపై తక్షణమే చర్య తీసుకొనవలెను."

"ఎనిమిదేండ్లు కాదు, ఏడేండ్ల పది నెలలు" అన్నారాయన. "తప్పుడు ఫిర్యాదు."

"దాని మీద గూడ రాయుండ్రి సార్."

సారు ఆ కాగితాన్ని ఫైలులో పెట్టలేదు. నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు.

తొమ్మిదో రోజున మెమో వచ్చింది, సదరు లైబ్రేరియను చెమటను వెంటనే నిలుపుదల చేయవలసిందని. మెమో వెనకే కొత్త ఫ్యాను, బిగించే మనిషి.

ఆ వారంలోనే ధర్మసాగర్ గ్రంథాలయానికి పోస్టులో ఒక మసక కాగితం చేరింది. భారతి కిటికీ దగ్గరికి తీసుకుపోయి వెలుతురులో పట్టుకుంది.

"అయ్యా, వ్రాయునది ఏమనగా, ధర్మసాగర్ లైబ్రేరియను కుమారి భారతి గారి మూలమున ఈ శాఖ యందు గాలి అధికమై, పంతొమ్మిదేండ్లుగా వరుసలో నున్న కార్డులు గదియంతయు చెదిరిపోయినవి. కావున సదరు లైబ్రేరియను గారు వచ్చే శుక్రవారము గ్రంథాలయ సెలవునాడు స్వయముగా వచ్చి, వానిని ఏరి వరుసలో పెట్టవలెను. తల్లిగారిని కూడ తీసుకొని రావచ్చును. అరవకూడదు."