కాశిం మామ మానేసిన ఏడాది

మా చిన్నప్పుడు... మామిడికాయలు బజారుకొచ్చాయంటే చాలు, అద్దంకిలో మా కారం మర ముందు ఆడవాళ్లు బారులు తీరేవాళ్లు. చేటల్లో, గంపల్లో, పాత బిస్కెట్ డబ్బాల్లో తొడిమలు తీసిన మిరపకాయలు... అందరి ముక్కులకూ కొంగులే.

ఆ మర మీదే మా ఇల్లు నడిచేది. మరను నడిపేది మాత్రం కాశిం మామ. నాన్నకున్న ఒకే ఒక్క పనివాడు. నాన్నను బావగారూ అనీ, అమ్మను అక్కా అనీ పిలిచేవాడు... ఆ వరసలోనే మాకు మామ అయ్యాడు.

మిరపకాయలు గుప్పెడు తీసుకుని చెవి దగ్గర పెట్టుకుని నలిపేవాడు. గలగలమంటేనే మరలో పోసేవాడు. లేకపోతే "ఇంకో ఎండ పడాలి పెద్దమ్మా, రేపు తీసుకురా" అని వెనక్కి పంపేసేవాడు. ఎవరు ఎంత గొణిగినా వినేవాడు కాదు. ఆ కారం ఏడాదంతా ఎర్రగా ఉండేది మరి.

ఒకరోజు మధ్యాహ్నం తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చి నాన్న ముందు నిలబడ్డాడు.

"బస్టాండు దగ్గర కొత్త మర పెట్టారు బావగారూ... నన్ను రమ్మంటున్నారు."

మా వైపు ఎవరైనా ఇలా చెప్పారంటే వెళ్లిపోతామని కాదు. పోవద్దని ఒక్క మాట అనిపించుకోవాలని. నాన్నకు అది తెలియక కాదు... పనివాణ్ని బతిమాలితే నెత్తికెక్కుతాడని ఆయన నమ్మకం. పేపర్లోంచి తల కూడా ఎత్తకుండా "నీ ఇష్టం" అన్నాడు.

కాశిం మామ కాసేపు అక్కడే నిలబడ్డాడు. తర్వాత లోపలికెళ్లి మిగిలిన కాయలు ఆడించాడు. వారం తిరిగేసరికి మానేశాడు.

"ఉండమంటే మీ సొమ్మేం పోయింది?" అంది అమ్మ.

ఇక మొదలైంది మా అవస్థ... మొదట వచ్చినవాడు రెండు రోజులు తుమ్మి తుమ్మి, మూడో రోజు తువ్వాలు కూడా మర్చిపోయి పారిపోయాడు. రెండోవాడు పది రోజులు బాగానే చేశాడు. ఆ తర్వాత దాచేపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలో పని దొరికిందని వెళ్లిపోయాడు. మూడోవాడు తిండికి తిమ్మరాజు, పనికి పోతరాజు... ఏ కాయలు తెచ్చినా ఎండాయో లేదో చూడకుండా మరలో పోసేసేవాడు.

పక్క వీధి రత్తమ్మగారి ఆవకాయ ఇరవై రోజులకే బూజు పట్టింది. ఆవిడ జాడీ మోసుకొచ్చి మా అరుగు మీద పెట్టింది.

"ఏడాది పచ్చడి నాయనా... నువ్వే చూసుకో."

తిట్టలేదు. తిట్టి ఉంటే నాన్నకు తేలిగ్గా ఉండేదేమో. ఆ మర్నాటి నుంచి గంపలన్నీ బస్టాండు వైపు నడిచాయి.

ఆ ఆదివారం నాన్న నన్ను సైకిల్ వెనక ఎక్కించుకుని కాశిం మామ ఇంటికెళ్లాడు. మామ గబగబా మంచం వాల్చి దుప్పటి పరిచాడు. నాగూర్బీ అత్త టీ ఇచ్చింది. ఇద్దరూ వానల గురించి మాట్లాడుకున్నారు. మిరప తెగులు గురించి, ఈనిన గేదె గురించి... గంటసేపు. టీ రెండోసారి కూడా వచ్చింది. తర్వాత నాన్న లేచి "వస్తాం మరి" అన్నాడు. మామ వీధి చివరిదాకా సైకిల్ పట్టుకుని మాతో నడిచాడు.

"రమ్మని అడగలేదేం నాన్నా?" అన్నాను దారిలో.

"వాడే వస్తానంటాడనుకున్నానే..."

మరుసటి ఏడాది మర అమ్మేశాం.

చాలా ఏళ్లకు, నాన్న పెద్దకర్మ రోజున కాశిం మామ వచ్చాడు. గడ్డం నెరిసిపోయింది. అమ్మ దగ్గర కూర్చుని "ఉండరా అంటే ఉండిపోయేవాణ్నక్కా... బావగారు మా ఇంటికొచ్చిన రోజైనా అంటారనుకున్నా" అని కళ్లు తుడుచుకున్నాడు. అమ్మ అతని చేతిలో మంచినీళ్ల గ్లాసు పెట్టింది. నాకు నాన్న మీదా, మామ మీదా కోపం వచ్చింది.

ఇప్పుడు నేను ఒంగోలులో కారప్పొడులు, పచ్చళ్లు చేసి అమ్ముతున్నాను. ఆరుగురు చేయాల్సిన పని ఇద్దరితో లాగుతున్నాను. గేటుకు బోర్డు కట్టాను, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాను, చర్చి దగ్గర చెప్పించాను. వచ్చినవాళ్లు వారం ఉంటే గొప్ప. చేతులు మండుతాయంటారు... నిజమే, నావీ మండుతున్నాయి.

నిన్న ఆ ఇద్దరిలో ఒకరైన మరియమ్మ వచ్చి "బట్టల షాపులో రమ్మంటున్నారు మేడం" అంది. నాన్న చేసిన తప్పు నేను చేయదలుచుకోలేదు. చేస్తున్న పని వదిలేసి, ఆ పిల్ల చేయి పట్టుకుని "ఉండమ్మా, నువ్వు లేకపోతే నాకు గడవదు" అన్నాను. జీతం పెంచుతానన్నాను కూడా.

మరియమ్మ నవ్వింది. "మీరు మంచోరే మేడం... కానీ అక్కడ ఏసీ ఉందిగా."

నాకు ఆ వయసుంటే నేనూ వెళ్లేదాన్నే.

ఒక్క మాటతో ఆగిపోయే మనిషి మా నాన్నకు దొరికాడు... ఆ మాట ఆయన అనలేదు. నేను రోజూ అంటూనే ఉన్నాను... ఆగే మనిషే లేడు.

మీ ఇంట్లోనో, దుకాణంలోనో ఉండమని అడగలేక పోగొట్టుకున్న మనిషి ఎవరైనా ఉంటే కింద రాయండి. ఇవాళ ప్యాకింగుకు ఎలాగూ ఎవరూ రాలేదు... తీరిగ్గా చదువుకుంటాను.