సాతాను డోలు, మా అవ్వ కన్ను

కొత్తగా ఉద్యోగంలో చేరిన మనిషికి తన మీద తనకు ఎంత నమ్మకమో తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఆ రోజుల్లో నేను పుంగనూరులో ఒక బడిలో కంప్యూటర్ మేడంని. పొద్దున్నే మదనపల్లెలో బస్సెక్కి వెళ్ళడం, పిల్లలకు మౌస్ పట్టుకోవడం నేర్పడం, సాయంత్రానికి ఇల్లు చేరడం. కంప్యూటర్‌లో నాకు చేతకాని పనంటూ లేదని నా గట్టి అభిప్రాయం. ఆ అభిప్రాయాన్ని తుక్కుతుక్కు చేసింది, చూడ్డానికి చంటిపిల్లల బొమ్మలా ఉన్న ఒక వీడియో గేమ్.

బెంగుళూరులో ఉద్యోగం దొరికి వెళ్ళిపోతూ మా చిన్నాన్న కొడుకు దాన్ని నా ల్యాప్‌టాప్‌లో వేసిచ్చి, "ఇది నీ వల్ల కాదులే అక్కా" అన్నాడు. (ఆ ఒక్క మాట అనకపోయుంటే నేను దాని జోలికే పోయేదాన్ని కాదు.) ఎవరో నలుగురు స్నేహితులు ఏళ్ళ తరబడి కూర్చుని చేత్తో గీసిన గేమట. మా తాతల నాటి కార్టూన్ల మాదిరి నలుపూ తెలుపూ బొమ్మలు, చేతులకు తెల్ల తొడుగులు, రాళ్ళకూ రప్పలకూ కూడా గుండ్రటి పెద్ద కళ్ళు, వెనక బ్యాండు మేళం. మన వీరుడికి తల ఉండాల్సిన చోట లాంతరు ఉంటుంది. మూడు దెబ్బలు తగిలితే 'తుస్' మని దీపం ఆరిపోతుంది, మళ్ళీ మొదటికి రావాలి. దుష్టులందరినీ దాటుకుంటూ పోతే చిట్టచివర డోలు మోతతో వచ్చే సాతాను. నెల రోజులు కిందా మీదా పడి వాడి దగ్గరికి చేరుకున్నాను. ఆ తర్వాత అక్కడే ఆగిపోయాను.

నేను ఆ గేమ్‌ను హాల్లో టీవీకి తగిలించి ఆడేదాన్ని. హాల్లోనే మా నాన్నమ్మ మంచం. మేమంతా ఆమెను అవ్వ అంటాం. రెండు కళ్ళకూ పొరలొచ్చి ఎదురుగా ఉన్న మనిషి కూడా మసగ్గానే కనిపించేది కానీ, చెవులు మాత్రం పాము చెవులు. "ఎవురితో పాపా దినమూ ఆ కొట్లాట?" అని అడిగింది ఒకరోజు. "సాతానుతో అవ్వా, ఆటలో" అన్నాను. "ఎవురు గెలస్తాండారు?" "వాడే." "ప్రార్థన చేసుకోకుండా కూసుంటే వాడే గెలుస్తాడు మల్ల" అని అటు తిరిగి పడుకుంది.

కుప్పంలో నర్సుగా చేస్తున్న మా మేనత్త ఇంతలో అవ్వ కంటి ఆపరేషన్‌కు తేదీ ఖాయం చేసింది. కుడికంటి పొర బాగా ముదిరిపోయిందనీ, ఇంకా జాగు చేస్తే చూపు దక్కుతుందో లేదో చెప్పలేమనీ డాక్టరు అప్పటికే హెచ్చరించాడు. ఆ బుధవారం మా చర్చి స్త్రీల సమాజం కూడికలో ప్రార్థన అంశాలు చెప్పమనగానే అవ్వ లేచి నిలబడింది. "మా పాప టీవీలో సాతానుతో ఆడి దినమూ ఓడిపోతాండాది. ఆటయితే మాత్రం ఏమి, సాతాను సాతానే గదా! ఆ పిల్ల వాడిని గెలిచేదాకా నేను కంటి ఆపరేషన్‌కు పోనని దేవునికి మొక్కుకున్యాను" అంది. కూడికలో ఉన్న ఆడవాళ్ళంతా ఒక్క గొంతుతో "ఆమేన్" అన్నారు.

ఇక నా బతుకు చూడాలి! బస్టాండులో నా విద్యార్థుల ముందే "గెలిస్తివా అమ్మా?" అని పలకరింపులు. ఆదివారం పాస్టరు అయ్యగారు ప్రసంగ వేదిక మీంచి "మన సంఘంలో ఒక యౌవనస్థురాలు చేస్తున్న పోరాటం..." అని మొదలుపెడితే, నేను బల్ల కిందికి దూరలేక పాటల పుస్తకంలో తల దూర్చాను. కుప్పం నుంచి మేనత్త ఫోన్‌లో ఒకటే చీవాట్లు: "ముసలామెకు బుద్ధి లేకపోతే నీకేమైంది? గెలిచినానని ఒక అబద్ధం సెప్పేయరాదా!" చెప్పేదాన్నే. కానీ దేవుడికి మొక్కిన మొక్కును అబద్ధంతో తీర్చడానికి నాకు ధైర్యం చాల్లేదు. పైగా ఆ 'తుస్' చప్పుడు అవ్వకు కంఠతా వచ్చు.

తేదీ దగ్గర పడే కొద్దీ బడి నుంచి రాగానే ఆటకు కూర్చునేదాన్ని. ఒక సాయంత్రం సాతాను చావుకు వెంట్రుకవాసి దూరంలో నా దీపం ఆరిపోయింది. ఏడుపొక్కటే తక్కువ నాకు. అవ్వ మాత్రం "పోనీలే పాపా, రేపు సూద్దాము" అంది. ఆ గొంతులో ఎంత నిమ్మళం! అప్పటికి గానీ నా మట్టిబుర్రకు తట్టలేదు. "నేను గెలవలేనని తెలిసే మొక్కుకున్నావు కదా?" అని నిలదీశాను. "మా అక్కకు కంటికి కత్తి పెట్టినారు, ఎప్పుడో ఆ కాలంలో. మల్ల ఆ యమ్మ నా ముకం సూడనే లేదు" అంది మెల్లిగా. కోపమంతా ఎటు పోయిందో, ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఇప్పుడు గెలవకపోతే ఆ కన్ను నా పాపానే పోతుందని భయం పట్టుకుంది.

మంగళవారం ఆపరేషన్. ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నం కూడా తినకుండా ఆటకు కూర్చున్నాను. అవ్వ మంచం మీద పళ్ళెం పెట్టుకుని, నానిన అనపగింజలను పితికిపప్పు కోసం తొక్క ఊడేలా ఒక్కొక్కటే పితుకుతోంది. (ఆ పనికి కళ్ళతో పనిలేదు, వేళ్ళకే తెలుస్తుంది.) నేను నాలుగుసార్లు ఓడిపోయాను. ఐదోసారి నా వీరుడు ఎగిరిన చప్పుడు విని ఆమెకు విసుగు పుట్టింది. "యాల ముందే ఎగురుతావు? వాడి డోలు మూడుసార్లు మోగినాక గదా నిప్పులు ఇసిరేది!" అంది. నేను తెల్లబోయాను. ఆ సాతాను పెద్ద నటుడు, ఎడంచెయ్యి ఎత్తి కుడిచేత్తో కొడతాడు, ఏడుస్తున్నట్టు మొహం పెట్టి తోకతో కొడతాడు. నేను వాడి మొహం చూసి మోసపోతుంటే, మొహమే కనిపించని అవ్వ ఇన్నాళ్ళుగా డోలు వింటోంది.

"వాడి ముకం సూడొద్దు, నేను సెప్తా. ఉండు... ఉండు... ఎగురు పాపా! వంగు! ఇంగోటి వస్తాది, ఎగురు!" అవ్వ గొంతు పెరుగుతోంది. నేను కళ్ళు సగం మూసుకుని ఆమె చెప్పినట్టల్లా బటన్లు నొక్కుతున్నాను. చివరికి సాతాను పిల్లిమొగ్గలు వేసి, బుడగలా పగిలి, తెరంతా తెల్లబడింది. "స్తోత్రం! సచ్చినాడు నాయాలు!" అని అవ్వ ఒక్క కేక పెట్టి లేచేసరికి పళ్ళెం బోర్లాపడి పితికిపప్పు ఇల్లంతా దొర్లింది. ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని గెంతాం. ఉన్నట్టుండి అవ్వ ఆగిపోయింది. "అయ్యో దేవుడా... నేనే గెలిపిస్తి గదా!" అంది.

మొక్కు మొక్కే. సోమవారం కుప్పం బస్సెక్కాం. పుంగనూరులో బస్సు ఆగగానే "పాపా, వాడు మల్ల లేసొస్తే ఈ గెలుపు సెల్లదు గదా?" అని ఆఖరి ప్రయత్నం చేసింది. "లేవడు అవ్వా" అన్నాను. పలమనేరు దాటేదాకా నా చెయ్యి వదల్లేదు.

బుధవారం పొద్దున కట్టు విప్పారు. అవ్వ రెప్పలు కొట్టుకుని, కిటికీ చూసి, మేనత్తను చూసి, చివరికి నా వైపు తిరిగింది. "ఏం పాపా, ఇంత నల్లబడిపోయినావు!" అంది. నేను బయటికెళ్ళి వరండాలో గోడకానుకుని తనివితీరా ఏడ్చాను. గుండెల మీంచి బండ దిగిపోయింది. ఆ తర్వాత అవ్వ సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పింది. సాతానును తానే ఓడించిందట, బటన్లు మాత్రం పాప నొక్కిందట.

రెండో కన్ను కూడా బాగైంది. ఇప్పటికీ సెలవురోజున ఇద్దరం ఆ గేమ్ పెట్టుకుంటాం. మొదటిసారి అవ్వ సాతానును కళ్ళారా చూసి "ఈడా! ఈ బొజ్జోడికా మనం బయపడింది?" అని కడుపు పట్టుకుని నవ్వింది. అదే వచ్చింది చిక్కు. ఇప్పుడు అవ్వ కూడా వాడి మొహమే చూస్తోంది, డోలు వినడం మర్చిపోయింది. "ఎగురు" అనాల్సిన చోట నవ్వుతూ కూర్చుంటుంది. తనకు చేతకాని పని లేదనుకున్న ఆ కంప్యూటర్ మేడం ఆ గేమ్‌ను మళ్ళీ ఒక్కసారి కూడా గెలవలేదు. 'తుస్' మన్నప్పుడల్లా అవ్వా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకుంటాం.