వదిన చదివిన మొదటి అంకె

ఆదోనిలో మా అన్నకు బొరుగుల అంగడి ఉంది. ఇప్పుడు అన్నీ కిలోల్లో అమ్ముతున్నా, బొరుగులను మాత్రం అన్న అంగట్లో ఇంకా పడితో కొలిచే పోస్తారు. కొలిచేది వదిన. నేను అదే ఇంట్లో పైగదిలో ఉంటూ ఒక జిన్నింగ్ మిల్లులో లెక్కలు చూస్తాను. కంప్యూటర్‌కు పని చెప్పడం నాకు ఎవరూ నేర్పలేదు. నలభై దాటాక ఫోన్‌లో వీడియోలు చూసి, తప్పులు చేసి, ఆ తప్పు ఎక్కడుందో వెతుక్కుంటూ నేర్చుకున్నాను.

వదిన చదువు పదో తరగతితో ఆగింది. సెలవు రోజుల్లో, మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు నా ల్యాప్‌టాప్ పక్కన వచ్చి కూర్చునేది. కొన్నాళ్ళు ఊరికే చూసింది. ఒకరోజు, "ఏందప్పా, ఆ అంకెల వరసను రెండుసార్లు తిరగల్సిన పనేముంది? ఒగసారి సూసుకుంటా పోతే సాలదా?" అంది. నిజమే, చాలుతుంది. అప్పటి నుంచి ఇద్దరం కలిసే చేశాం.

ఎమ్మిగనూరులో ఒక కోచింగ్ సెంటర్ మేడ మీద నెలకో ఆదివారం సాయంత్రం ప్రోగ్రామింగ్ పోటీ పెడతారు. పోటీ అన్న మాటేగానీ అదొక పేరంటం లాంటిది. జనం కుటుంబాలతో వస్తారు. ఉగ్గాని, బజ్జీలు తింటూ, ఎవరు ఏం టైప్ చేస్తున్నారో తెర మీద చూసి ఈలలు వేస్తారు. ముగ్గురికి ఒక జట్టు. ఒకరు ఉపాయం చెప్పాలి, ఒకరు టైప్ చేయాలి, ఒకరు చివర్లో ప్రోగ్రాం పరీక్షకు ఇచ్చే కాగితంలోని అంకెలను పైకి చదవాలి. టైప్ చేసేవాళ్ళు కాగితం చూడకూడదు. చదివేవాళ్ళు తెరకు వీపు పెట్టి కూర్చోవాలి. కాగితం విప్పాక ఉపాయం చెప్పినవాళ్ళు నోరు విప్పకూడదు. సరదా అంతా అందులోనే.

అక్కడికి రావాలని వదినకు మనసైంది. కానీ ఆదివారం సాయంత్రమే అంగట్లో జనం ఎక్కువ. అన్న మూటకు దారం బిగిస్తూ అన్నాడు:

"పోయి రా పో. గెల్చుకోని వస్తే నెలనెలా పంపిస్తా. ఓడిపోతే మళ్ళా ఆ ఊసెత్తగూడదు. సరేనా?"

"గెల్చుకోని వస్తే నువ్వే బస్టాండు దాకా దిగబెట్టల్ల."

"దిగబెడతాలే. నీళ్ళ బాటిలు గూడా నేనే మోస్తా."

నవ్వుతూనే అనుకున్నారు. కానీ మా అన్న ఆడిన మాట తప్పడు. వదిన అంతకంటే మొండిది.

ఆ నెలంతా సాధన చేశాం. వదిన చదివేది, నేను టైప్ చేసేవాణ్ణి. ఎన్ని వరుసలు చదివినా ఒక్క తప్పు రాలేదు. అప్పుడే నాకు అనుమానం రావలసింది. లెక్కల్లో అంత శుభ్రంగా ఎప్పుడూ ఉండదు.

పోటీ రోజు చీటీ తీస్తే మా జట్టులో మూడో మనిషిగా హైదరాబాదులో ఇంజనీరింగ్ చదువుతున్న ఒక అమ్మాయి వచ్చింది. సెలవులకు బంధువుల ఇంటికి వచ్చిందట. ఆమె వేళ్ళ వేగం చూసి టైపింగ్ ఆమెకే వదిలేశాను. ఉపాయం నాది, చదవడం వదినది.

లెక్క మాకు ఇష్టమైన రకమే. బరువులు వేరువేరుగా ఉన్న మూటలు వరుసగా వస్తాయి. ఆటో మోసే బరువుకు పరిమితి ఉంది. ఎన్ని ట్రిప్పులు పడతాయి? మా ప్రోగ్రాం అందరికంటే ముందు తయారైంది. మాకు పోటీగా ఉన్న కోడుమూరు టీచర్ల జట్టు ఇంకా వాదించుకుంటూనే ఉంది. వదిన కాగితం విప్పి, గొంతు సవరించుకుంది.

"లాభం."

తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో లాభం అని పడింది.

వదిన తెర చూడలేదు కదా, కొలత ఊపులో చదువుకుంటూ పోయింది. "మూడు... తొమ్మిది... ఆరున్నొకటి... నాలుగు..." అమ్మాయి అంతే వేగంగా కొట్టి, మీట నొక్కింది. తెర నిండా ఎర్ర అక్షరాలు.

"ఎవరికప్పా లాభం?" అని వెనక నుంచి ఎవరో కేక వేశారు. హాలంతా ఘొల్లుమంది.

"ఆంటీ, ఫస్ట్ నంబర్ ఏంటి?"

"సెప్తి గదమ్మా, లాభం."

"లాభం కాదాంటీ, నంబర్!"

"అదే నంబరు!"

మళ్ళీ నవ్వులు. ముందు వరుసలోని ఒక పెద్దాయన, బజ్జీ చేత్తో పట్టుకునే, "ఒకటి పాపా, ఒకటి! కొలిసేటప్పుడు ఒకటనరు, లాభమంటారు," అని అరిచాడు. అమ్మాయి నాలుక కరుచుకుని దిద్దింది. ఎర్ర అక్షరాలు పోయాయి, జవాబు వచ్చింది. నేను ఊపిరి పీల్చుకుని వదిన వైపు తిరిగాను. ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

జవాబు తప్పని నిర్వాహకుడు చెప్పాడు. మేము కారణం వెతుకుతుండగానే కోడుమూరు వాళ్ళు గెలిచారు.

కారణం తర్వాత తెరపై కనిపించింది. అంగట్లో ఏడు అనే మాట పలకరు, ఏడుపు తగులుతుందని. ఆరున్నొకటి అంటారు. అమ్మాయి దాన్ని ఆరు, ఒకటి అని రెండు మూటలు చేసింది. మొత్తం బరువు తేడా రాలేదు. కానీ ఏడు కిలోల మూట విడిపోయి సందుల్లో సర్దుకోవడంతో ఒక ట్రిప్పు తగ్గింది. నెల రోజులు ఆ రెండు మాటలూ విని సరైన అంకెలే వేసినవాణ్ణి నేను. అవి బయటివాళ్ళకు అంకెలు కావని నాకు తట్టనే లేదు. ఇంట్లో ఇద్దరమే కాకుండా, పక్కింటి పిల్లనైనా పిలిచి ఒక్కసారి టైప్ చేయించి ఉంటే!

అమ్మాయి వచ్చి వదిన చెయ్యి పట్టుకుంది. "సారీ ఆంటీ, నాకు తెలీలేదు."

"నువ్వేం జేస్తివమ్మా? ఇన్నది ఇన్నట్టు కొడ్తివి."

నిర్వాహకుడు వచ్చే నెల తప్పక రమ్మన్నాడు. వదిన నవ్వింది. తిరుగు బస్సు ఎక్కాం. ఆదోని దగ్గర పడుతుండగా, "ఏడు అనుంటే అయిపోతాండె," అంది. ఆమె నోట ఆ మాట వినడం అదే మొదటిసారి.

ఇంటికి చేరేసరికి అన్న అంగడి సర్దుతున్నాడు.

"ఏమాయె?"

"ఓడిపోయినాం," అంది వదిన. చీర కొంగు బిగించి, పడి తీసుకుని, నిలబడి ఉన్న గిరాకీకి బొరుగులు పోయడం మొదలుపెట్టింది. జరిగిందంతా నేను అన్నకు చెప్పాను. మరుసటి నెల ఆయనే అడిగాడు.

"పోతే పోయి రా. నేనేమన్నా కట్టేసినానా?"

"మాటనుకున్యాం గదా," అంది వదిన.

"సరే, నీ ఇష్టం," అన్నాడాయన. ఇంకొక్కసారి అడిగి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. తన మాట ఇంట్లో నిలిచిందన్న తృప్తి కూడా ఆయనకు కొంత ఉండి ఉంటుంది. నాకు తెలియదు. నేను రమ్మని అడిగినా వదిన, "నువ్వు పోయి రాప్పా," అని పంపించేసింది.

నేను పోతూనే ఉన్నాను. వేరేవాళ్ళతో రెండుసార్లు గెలిచాను కూడా. అక్కడ ఇచ్చిన లెక్కల కాగితం తెచ్చి వదినకు ఇస్తాను. గిరాకీకి గిరాకీకి మధ్య నిలబడే చదువుతుంది. ఉపాయం తట్టగానే చెబుతుంది, ఒక్కోసారి నాకు తట్టనిది కూడా. కాగితం మడిచి తిరిగి ఇచ్చేస్తుంది. ఎవరెవరు వచ్చారని, ఎవరు గెలిచారని మాత్రం అడగదు.