గాలం లేని ఈగ

కొంటాలో జగదల్‌పూర్ బస్సెక్కాను. పక్క సీట్లో ఒకామె ఒళ్ళో గుడ్డ పరుచుకుని, కోడిపుంజు మెడ ఈకను చీపురుపుల్ల ముక్కకు దారంతో చుడుతోంది. చుట్టు చుట్టుకీ పంటితో లాగి చూసుకుంటోంది. చివర్లో తేనెమైనం రుద్దింది. అచ్చం ఈగలా ఉంది. చిన్నప్పుడు నేనూ శబరిలో చేపలు పట్టినవాణ్ణే, నోరు ఊరుకోలేదు.

"గాలానికి గదమ్మా కట్టాలె? పుల్లకు కడితే చేప ఎట్ల పడతది?"

"గాలం జైలు గేటుకాడ గుంజుకుంటరన్నా. మా ఆయన లోపలున్నడు. ఏట్ల నీళ్ళమీద ఇట్లాంటియే తేలేసి చేపలు పట్టెటోడు."

"మరి ఇంత గట్టిగ ఎందుకు?"

"మల్ల ములాకాత్‌కు ఎప్పుడొస్తనో. అప్పటిదాక ఊడిపోవద్దు."

టిఫిన్ డబ్బా మూత చాపితే నా సీసాలో నీళ్ళు పోశాను. ఈగను అందులో వదిలింది. బస్సు కుదుపులకు నీళ్ళు సగం నా ప్యాంటు మీదే ఒలికాయి. ఈగ మాత్రం మునగలేదు.

"తానానికిచ్చే బకెట్ల ఏసుకుంటడు," అంది, దాన్ని కొంగుతో తుడుస్తూ. "జరసేపు సూసుకుంటడు."

ఇది జరిగి రెండేళ్ళు. ఇప్పటికీ బకెట్ నిండాక, నీళ్ళు కదలడం ఆగేదాకా మగ్గు ముంచబుద్ధి కాదు.