లక్కముద్ర వేసిన ఆటగది

దయ్యాల మాట వస్తే నవ్వి ఊరుకునే రకం నేను. నాంపల్లిలో మా ఆఫీసు ఒక పాత నవాబుల దేవిడీలో, అంటే పెద్ద భవంతిలో ఉండేది. మేడ మీద ఎవరో బేగం తిరుగుతుందని చప్రాసీలు చెప్పుకునేవాళ్ళు. నా కుర్చీ ఆ మేడ మీదే. అక్కడ నాకు ఎలుకలు, చెదపురుగులు తప్ప ఇంకేమీ తగల్లేదు. ఈ రోజుకీ ఎవరైనా అలాంటి కథ చెబితే నమ్మను. నా కళ్ళతో చూసిన దాన్ని మాత్రం ఏమనాలో తెలియక ఇన్నేళ్ళు ఎవరికీ చెప్పలేదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడడానికి ముందరి రోజుల సంగతి. నేను సర్కారీ గుమాస్తాను. ఉర్దూలోనూ ఇంగ్లీషులోనూ అర్జీలు బాగా రాస్తానని పేరుండేది. ఆ పేరు చూసే అబిడ్స్ వ్యాపారులు కొందరు తాము పెట్టుకున్న ధర్మసంఘానికి నన్ను కార్యదర్శిని చేశారు. అధ్యక్షుడికి అబిడ్స్‌లో పెద్ద బట్టల దుకాణం. ఆయన్ని అందరం సేఠ్‌గారు అనేవాళ్ళం. నాంపల్లి స్టేషను వెనక సందులో ఒక చిన్నపిల్లల దవాఖాన ఉండేది. పేరు రాయను. అక్కడి పిల్లల మందులకూ పాలకూ మా సంఘమే సాయం చేసేది.

ఆ దవాఖానకు మెదక్ వైపు నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. పోలియో వచ్చిన పిల్లల వైద్యం ప్రత్యేకంగా నేర్చుకున్న మనిషి. జ్వరం తగ్గిన తర్వాతే అసలు వైద్యం మొదలవుతుందని ఆమె మా కమిటీకి చెప్పింది. చచ్చుబడ్డ కాలును రోజూ కదిలించకపోతే అది మడిచినట్టే బిగుసుకుపోతుందట. కసరత్తు అంటే పిల్లలు ఏడుస్తారు కాబట్టి ఆటలాగా చేయించాలట.

"నాకు ఇంకో మందుల గది వద్దు. ఆటలకు ఒక గది కట్టియ్యండి, చాలు" అంది.

నగరంలో మేము ఎరిగినంతలో ఎవరూ చేయని దానం అది. సేఠ్‌గారు అక్కడికక్కడే ఒప్పుకున్నారు.

గది పని సాగుతుండగానే మా చెల్లెలు బాలమ్మ భువనగిరి దగ్గరి పల్లె నుంచి కూతుర్ని ఎత్తుకుని మా ఇంటికి వచ్చింది. యాదమ్మకు ఆరేళ్ళు. జ్వరం వచ్చి తగ్గింది గానీ ఎడమకాలు పడిపోయింది. నేనే తీసుకెళ్ళి ఆ దవాఖానలో చేర్పించాను. వార్డులో చిట్టచివరి మంచం దొరికింది. ఎదురుగానే కొత్త గది తలుపు.

కాలు ఇంకా మెత్తగానే ఉందని డాక్టరమ్మ చూసి చెప్పింది. ఇప్పటి నుంచి రోజూ పని చెబితే ఈ పిల్ల నడుస్తుందని గట్టిగా అంది. బాలమ్మ ఆ మాట పట్టుకునే బతికింది.

బొంబాయి నుంచి మూడు చక్రాల ఎర్ర సైకిలు వచ్చింది. బలహీనమైన కాలు జారిపోకుండా పెడళ్ళకు తోలు పట్టీలు కుట్టించాలని డాక్టరమ్మ అడిగింది. కొలత కోసం యాదమ్మను ఆ సైకిలు మీద కూర్చోబెట్టారు. చెప్పులు కుట్టే అతను కొలత తీసుకున్నంతసేపూ ఆ పిల్ల గంట మోగిస్తూనే ఉంది. తర్వాత దింపేశారు.

గది తయారైంది. ఎర్రగా మెరిసే సిమెంటు గచ్చు, పట్టుకుని నడవడానికి కొయ్య కమ్మీలు, చిన్న జారుడుబండ, సైకిలు. మంత్రిగారు వచ్చి రిబ్బను కోసేదాకా ఎవరూ ముట్టుకోకూడదని కమిటీలో అనుకున్నాం. కిటికీ అద్దాలకు లోపలి నుంచి కాగితాలు అంటించి, తలుపుకు తాళం వేశాం. దాని మీద ఖజానా గదికి వేసినట్టు గుడ్డ చుట్టి, లక్క కాచి పోసి, నా ఉంగరంతో ముద్ర వేశాను. ఆ పని నాకెవరూ చెప్పలేదు. అది నా సొంత తెలివి.

మొదటిసారి మంత్రిగారు ఢిల్లీ వెళ్ళారు. తర్వాత ఆయనకు ఒంట్లో బాగోలేదు. ఈలోగా రెండు ప్రాంతాలు కలిసి ఒకే రాష్ట్రం అవుతాయన్న మాట గట్టిపడింది. ఇప్పుడున్న మంత్రి పేరు రాతిపలక మీద చెక్కిస్తే రేపు రాబోయే మంత్రికి కోపం వస్తుందేమోనని కమిటీలో సందేహం. ఆగుదామన్నారు. ఆ తీర్మానాన్ని మంచి ఇంగ్లీషులో రాసిపెట్టింది నేనే.

డాక్టరమ్మ ఒకరోజు నేరుగా మా ఆఫీసుకు వచ్చింది.

"ఆ సైకిలు మంత్రిగారు తొక్కుతరా ఏంది సార్?"

నేను నవ్వాను. పిల్లలు ముందే ఆడితే రంగు పోతుందని, గచ్చు మీద గీతలు పడతాయని చెప్పాను.

"పడనియ్యండి. గీతలు పడకపోతె అది ఆటగది ఎట్లయితది?"

కమిటీ అనుమతి లేకుండా నేనేమీ చేయలేనన్నాను. దవాఖాన పెద్ద డాక్టరు కూడా నోరు మెదపలేదు. మాకు కోపం వస్తే పాలు ఆగిపోతాయని ఆయన భయం. ఆ భయం ఉన్నదని నాకు తెలుసు. అది నాకు బాగానే ఉండేది కూడా.

తర్వాత బాలమ్మ అడిగింది. "తాళంచెవి నీ దగ్గర్నే ఉన్నదంట గదా అన్నా. జర తెరువరాదు? మీ సేఠు వచ్చి చూస్తడా?"

"సొంత మేనకోడలి కోసం తెరిచిండంటరు. నా పరువేం కావాలె?"

"నీ పరువుకు కాళ్ళున్నయి. యాడికన్న నడిచిపోతది. నా బిడ్డకే లేవు."

నేను లేచి బయటికి వెళ్ళిపోయాను. పక్షపాతం అనే మాట నాకు మంచి సాకుగా దొరికింది. నిజం వేరు. సభలో చదవడానికి స్వాగతపత్రం రాసుకున్నాను. కొత్త షేర్వానీ కుట్టించుకున్నాను. మంత్రిగారి ముందు తలుపు తెరుచుకున్నప్పుడు గది కొత్త పెళ్ళికూతురిలా ఉండాలి, నా పేరు చదవాలి. అంతకు మించి నా మనసులో ఏమీ లేదు.

కొన్నాళ్ళకు వార్డు ఆయా సాయమ్మ నన్ను ఆపింది.

"అయ్యా, పగటన్నాలు తిని పిల్లలు పండుకున్నంక మీ గదిల ఎవరో సైకిల్ తొక్కుతున్నరు."

"తాళం ఉండంగ ఎట్ల తొక్కుతరు?"

"గదే నేను గూడ అడుగుతున్న. దయ్యాలకు మంత్రి రానవసరం లేదేమో మరి!"

మంచాల దగ్గర కూర్చున్న తల్లులు పకపకా నవ్వారు. నాకు ఒళ్ళు మండింది.

ఆ శనివారం ఆఫీసు సగం పూటే. అటు నుంచి అటే దవాఖానకు వెళ్ళాను. మంచి ఎండ. వార్డు సద్దుమణిగి ఉంది. తలుపుకు చెవి ఆనించాను.

సైకిలు తిరుగుతోంది. గచ్చు మీద రబ్బరు రాసుకునే చప్పుడు. పెడలు ఒకచోటికి వచ్చినప్పుడల్లా కీచుమని చిన్న మోత. చప్పుడు దగ్గరికి వస్తోంది, దూరం పోతోంది, మళ్ళీ దగ్గరికి వస్తోంది. మూల దగ్గర కాస్త తడబడి మళ్ళీ సాగుతోంది. కొత్తగా నేర్చుకుంటున్న పిల్ల తొక్కినట్టే ఉంది.

తాళం చూశాను. లక్క పగల్లేదు. నా ఉంగరం గుర్తు అచ్చుపడినట్టే ఉంది. తాళంచెవి నా జేబులో ఉంది. తలుపు తెరిచి చూడవచ్చు. చూడలేదు. భయపడి కాదు. ముద్ర పగలగొడితే కమిటీకి సంజాయిషీ చెప్పుకోవాలి. అప్పుడు నాకు తోచిన మొదటి మాట, గచ్చు పాడవుతోందే అని.

వెనక్కి తిరిగితే యాదమ్మ మేలుకునే ఉంది. నా వైపు చూడలేదు. తలుపు వైపే చూస్తోంది.

వెనక పట్టాల మీద ఇంజన్లు తిరుగుతుంటే గచ్చు అదిరి సైకిలు కదులుతున్నదని సాయమ్మకు చెప్పాను. నాకు నేను కూడా అదే చెప్పుకున్నాను.

నెలలు గడిచాయి. డాక్టరమ్మ మంచం మీదే పిల్లల కాళ్ళు పట్టి కదిలించేది. వార్డు నిండా పిల్లలు, ఆమె ఒక్కతే. యాదమ్మ ఏడ్చి కాలు ముడుచుకునేది. డాక్టరమ్మ ముందే చెప్పినట్టు మోకాలు బిగుసుకుపోయింది. ఇంటి దగ్గర ఇంకా చిన్నపిల్లల్ని వదిలి వచ్చిన బాలమ్మ ఇక ఉండలేకపోయింది. బిడ్డను చంకనెత్తుకుని నాంపల్లి స్టేషన్లో రైలెక్కింది. టికెట్టు నేనే కొనిచ్చాను.

రాష్ట్రం ఏర్పడింది. కొత్త మంత్రిగారు కోస్తా వైపు మనిషి. ఆయన వచ్చారు. వార్డు ముందు షామియానా వేశాం, బ్యాండు పెట్టాం. ముద్ర చెక్కుచెదరలేదని సేఠ్‌గారికి చూపించి మరీ నా చేత్తో పగలగొట్టాను. మంత్రిగారు రిబ్బను కోశారు. తలుపు తోశాను.

గచ్చు నిండా చక్రాల జాడలు. ఒకటీ రెండూ కాదు. కమ్మీల చుట్టూ, జారుడుబండ చుట్టూ, గోడ పక్క నుంచి, ఒకదాని మీద ఒకటి పడి ఎర్ర మెరుపంతా అరిగిపోయింది. సైకిలు గది నడుమ ఉంది. తాళం వేసే ముందు నేను దాన్ని మూలన పెట్టాను. చక్రాల రబ్బరు అంచులు అరిగి నున్నగా ఉన్నాయి. హ్యాండిలు పట్టుకునే చోట చెమట పట్టి నల్లబడింది. కిటికీల కాగితాలు ఎక్కడా చిరగలేదు.

నేను గడప దగ్గరే ఆగిపోయాను. మంత్రిగారి ముఖం మాత్రం వెలిగిపోయింది.

"అబ్బో! మా కోసం ఆగకుండా పిల్లలకి ముందే ఇచ్చేశారన్నమాట. దానం అంటే ఇదీ అండీ!"

అందరూ చప్పట్లు కొట్టారు. సేఠ్‌గారు ఒక్క క్షణం నా వైపు చూసి, చేతులు జోడించి తల వంచారు. నేనూ వంచాను. పూలదండ వేశారు. వేయించుకున్నాను.

డాక్టరమ్మ సైకిలు పక్కన కూర్చుని పట్టీలు చూస్తోంది. కుడి పట్టీ వదులుగా ఉంది. ఎడమ పట్టీ చివరి రంధ్రం దాకా బిగించి ఉంది. తోలు సాగి చిన్న పాదం ఆకారంలో వంపు తిరిగింది. ఆమె తలెత్తి నా కళ్ళలోకి చూసింది. నేను దండ సర్దుకున్నాను.

తర్వాత చౌకీదారును గద్దించాను. మేస్త్రీని పిలిపించాను. పైన గాలి కంతకు కొట్టిన జాలీ లాగి చూశాను. ఎక్కడా దారి లేదు. ఇంజన్ల అదురుకు సైకిలు కదిలిందంటే ఒప్పుకోవచ్చు. అదురు పట్టీ బిగించదు కదా.

పట్టీ యాదమ్మ కొలత. పడిపోయింది యాదమ్మ ఎడమకాలు. నాకు లోలోపల ఒక ఆశ పుట్టింది. ఏ రూపంలోనో, నిద్రలోనో, ఆ పిల్లే వెళ్ళి తొక్కి ఉంటుందని. దేన్నీ నమ్మనివాణ్ణి, అదొక్కటి నమ్మాలని ఏళ్ళ తరబడి ప్రయత్నించాను. అది నా మీద బరువు తగ్గించే నమ్మకం.

యాదమ్మ పెద్దదయ్యాక ఒక పెళ్ళిలో కనబడింది. అడుగు వేసినప్పుడల్లా ఎడమ మోకాలిని చేత్తో అదిమిపట్టి వంగి నడుస్తోంది. చుట్టూ ఎవరూ లేనప్పుడు పక్కన కూర్చుని అడిగాను. ఆ గదిలో సైకిలు తొక్కినట్టు నీకెప్పుడన్నా కల వచ్చిందా అని.

"నాకా? లే మామా" అంది. ముఖంలో కోపం కూడా లేదు. "నేను మంచం మీదనే ఉంటి గదా. లోపల ఎవరో తొక్కుతుంటె ఇనుకుంట పండుకునేదాన్ని. వాళ్ళు దిగినంక నన్ను పిలుస్తరనుకున్న."

భోజనాలకు పిలిచారు. ఆమె మోకాలు పట్టుకుని లేచింది. నేను చెయ్యి అందించబోయాను. అక్కర్లేదంది.

ఆ సైకిలు తొక్కింది ఎవరో నాకు ఈనాటికీ తెలియదు. ఆ పిల్ల మాత్రం కాదు.