దిగని గీత

లాసిక్స్ ఇంజెక్షన్ ఇచ్చాక తెర మీద గీత కిందికి దిగాలి. దిగలేదు. ఎడమ కిడ్నీ గీత ఎక్కినచోటే నిలబడిపోయింది.

పోయిన ఏడాది ఎండాకాలం. పాతబస్తీలోని ఒక ఆసుపత్రిలో నేను న్యూక్లియర్ మెడిసిన్ టెక్నాలజిస్టును. కెమెరా కింద ఉన్నది మూడు నెలల బాబు. తల్లి కడుపులో ఉన్నప్పుడే ఎడమ కిడ్నీ ఉబ్బిందని అల్ట్రాసౌండ్‌లో కనిపించింది. అది ఉబ్బును చూపిస్తుంది. మూత్రం దారి మూసుకుపోయిందా అన్నది మా రీనోగ్రామ్ అనే కిడ్నీ స్కాన్ తేల్చాలి. టెక్నీషియం అనే రేడియోధార్మిక మందు రవ్వంత నరంలోకి ఎక్కిస్తాం. కిడ్నీలు దాన్ని మూత్రంలోకి వదులుతుంటే గామా కెమెరా కనిపెట్టి తెర మీద గీతగా చూపిస్తుంది. లాసిక్స్ మూత్రాన్ని పెంచి తోస్తుంది. దారి ఉంటే గీత దిగుతుంది. దిగకపోతే ఆపరేషనేనని సర్జన్ ముందే చెప్పి పంపారు.

వాళ్లది గుడిమల్కాపూర్‌లో పూల దుకాణం. బాబు నాయనమ్మ గదిలోకి వస్తూనే, "బిడ్డా, గీ మిషిన్ పిలగాన్ని మింగదు గదా?" అంది.

"మింగదమ్మా, ఫొటో దింపుతది గంతే" అని, తల్లిని అడిగాను. "పాలు తాగిండా?"

ఆమె ఒకసారి అత్త వైపు చూసింది. "తాగిండు మేడం."

సూది గుచ్చినందుకే అంత ఏడ్చాడనుకున్నాం. ఏడ్చి ఏడ్చి నిద్రపోయాడు. గీత మాత్రం దిగలేదు.

ఇంట్లో రాత్రిళ్లు మా చిన్నోడి డైపర్ తడిసిందా లేదా అని మాటిమాటికీ తడిమి చూసే భయస్తురాలిని నేను. అలవాటు కొద్దీ చేయి ఈ బాబు డైపర్ మీదికీ పోయింది. లాసిక్స్ తర్వాత బరువెక్కి ఉండాలి. పొడిగా ఉంది. అప్పుడు కుడి కిడ్నీ గీత చూశాను. జబ్బు లేని కిడ్నీ కదా, అదీ నీరసంగానే దిగుతోంది. బాబు ఒంట్లో నీళ్లే చాలినట్టు లేవు.

"నిజం చెప్పండ్రి. పాలు ఎప్పుడు తాగిండు?"

తల్లి కళ్లలో నీళ్లు తిరిగాయి. నాయనమ్మే జవాబిచ్చింది. "పొద్దుగాల్నుంచి నేనే బంద్ వెట్టిన. స్కానింగంటే ఖాళీ కడుపే గదా? నా కడుపు స్కానింగప్పుడు చాయ్ బొట్టు గూడ తాగనియ్యలే!"

"పాలు తాపియ్యమని ఫోన్ల చెప్పిండ్రు అత్తమ్మా" అంది కోడలు, వినపడీ వినపడనట్టు.

"ఫోన్ల చెప్పినోళ్లకేం ఎరుక!"

మా డాక్టర్ గారు వచ్చి తెర చూశారు. "ఈ గీత చూసి ఆపరేషన్ అనలేం. పాలు తాగించండి. తర్వాత నిటారుగా ఎత్తుకుని ఉంచి మళ్లీ ఒక ఇమేజ్ తీద్దాం." పడుకోబెడితే ఉబ్బిన కిడ్నీలో మూత్రం మడుగులా నిలిచిపోవచ్చు. నిలబెడితే బరువుకు దిగుతుంది.

బాబు ఆత్రంగా పాలు తాగాడు. నాయనమ్మ భుజాన వేసుకుని గదంతా తిప్పింది. ఎంతసేపటికీ డైపర్ తడవలేదు. కొత్తది మారుద్దామని విప్పి బాబును అందుకున్నానో లేదో, నా ఒడి నిండా వెచ్చగా పోసేశాడు.

"అయ్యో మేడం!" అంది తల్లి.

"పోనియ్యండ్రి, ఆపకుండ్రి!" అని నేనే అరిచాను.

మళ్లీ తీసిన ఇమేజ్‌లో ఎడమ కిడ్నీ చాలావరకు ఖాళీ అయ్యింది. ఉబ్బు ఉంది, దారి మాత్రం మూసుకుపోలేదు. ఆపరేషన్ ఇప్పుడు వద్దు, అల్ట్రాసౌండ్‌తో కనిపెట్టుకుంటూ ఉందామన్నారు సర్జన్. నాయనమ్మ కోడలి చేయి పట్టుకుంది.

నా పసుపు డ్రెస్ దగ్గర పెడితే రేడియేషన్ మీటర్ టకటకలాడింది. మందు ప్రభావం తగ్గేదాకా దాన్ని డిపార్ట్‌మెంట్‌లోనే ఉంచి, ఆసుపత్రి బట్టల్లో కార్వాన్‌లోని మా ఇంటికి వెళ్లాను.

అప్పటి నుంచి ఏ తల్లినీ "పాలు తాగిండా" అని అడిగి ఊరుకోను. "నా ముందర తాపియ్యండ్రి" అంటాను. అత్త పక్కనున్నప్పుడు కోడలు ఇచ్చే జవాబు కంటే తడిసిన డైపర్ నమ్మకమైనది.

ఆ స్కాన్ మర్నాడు పొద్దున మా పాప, "అమ్మా, నీ పసుపు డ్రెస్ ఏది?" అంది.

"ఒక బుజ్జి బాబు దాని మీద ఉచ్చ పోసిండు."

"ఛీ!" అని అక్కాతమ్ముళ్లిద్దరూ ముక్కులు మూసుకున్నారు.

"ఛీ అనొద్దు. గా ఉచ్చ కోసం నిన్న మేం పెద్దోళ్లమంత నిలబడి ఎదురుచూసినం. ఇగ మీరు గూడ ఉచ్చకు పోయిరండ్రి. బడికి నీళ్ల సీసాలు మరిచిపోకుండ్రి."